ఖాళీ తండాలో తుల్సీరాం

"సార్, మా తండాను ఎవరో ఖాళీ చేసిన్రు. మా బాపొక్కడే మిగిలిండు."

కుర్చీలో కూర్చోకముందే ఆమె అన్న మాట అది. జనగామ బస్టాండు ఎదురుగా, టిఫిన్ సెంటర్ మీద ఉండే ఆ చిన్న ఆఫీసుకు రకరకాల జనం వస్తుంటారు. పెళ్లికొడుకు గుణం కనుక్కోమనేవాళ్లు, తప్పిపోయిన బర్రెను వెతికిపెట్టమనేవాళ్లు, పక్కింటివాడి మీద నిఘా పెట్టమనేవాళ్లు. డిటెక్టివ్ జగపతి దగ్గర అసిస్టెంటుగా చేరి ఏళ్లు గడిచినా నిషాత్ ఇలాంటి ఫిర్యాదు మాత్రం వినలేదు. ఊరు ఖాళీ అయితే పోలీసుల దగ్గరికి పోవాలి గానీ ఈ మెట్లెక్కడమేంటి అనుకుంది. జగపతి ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. ఆయనంతే, మీ ఇంటికి నిప్పంటుకుందని చెప్పినా ముందు కూర్చోమంటాడు. నీళ్ల గ్లాసు ముందుకు జరిపి, మొదటినుంచి చెప్పమన్నాడు.

ఆమె పేరు కల్యాణి. నెల్లికుదురు దవాఖానలో నర్సు. వాళ్లది భూపాలపల్లి అడవి దిక్కున ఒక లంబాడి తండా. బొగ్గు గని పెరుగుతూ వచ్చి తండాను మింగేసింది. ముప్పై ఇండ్లవాళ్లు తలో దిక్కూ పోయారు. వీళ్లు చుట్టాలున్నారని నెల్లికుదురు చేరారు. చేరిన కొన్నాళ్లకే తండ్రి తుల్సీరాం గుండె ఆగి పోయాడు. నల్లటి జుట్టు, గట్టి మనిషి, ముసలితనం ఎట్లుంటదో చూడకుండానే వెళ్లిపోయాడు.

తమ్ముడు హరిలాల్‌కు చిన్ననాటినుంచే కండరాల జబ్బు. కాళ్లు పోయాయి, తర్వాత నడుము. వేళ్లు మాత్రం ఆడేవి. పాత వీడియో గేమ్ పెట్టె ఒకటి ముందేసుకుని, ఊరు కట్టుకునే ఆటలో ఆ పిల్లగాడు పోయిన తండాను మళ్లీ కట్టాడు. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు, ఎవరి వాకిట్లో ఏ చెట్టు, బావి గట్టు మీద ఏ రాయి కదులుతుందో అన్నీ అట్లే. ఒక్కో ఇంట్లో ఆ ఇంటి మనుషులు. అంతమందిని ఆట ఒప్పుకోకపోతే, దోస్తు అక్తర్ సాయంతో పెట్టె మెమరీలోకి దూరి, చీట్ కోడ్లు తయారుచేసి ఒప్పించాడు. అందులో తుల్సీరాం కూడా ఉన్నాడు. బావి దగ్గరికి పోతాడు, వాకిట్లో మంచమేసుకుంటాడు, ఇంటింటికీ పోయి పలకరిస్తాడు.

పోయినేడు హరిలాల్ కూడా పోయాడు. పెళ్లికానివాణ్ణి పూడ్చడం వాళ్ల ఆచారం. వాడి కోరిక ప్రకారం పాత తండా భూమిలోనే పూడ్చారు. ఇప్పుడు అక్కడ గనివాళ్లు తవ్విపోసిన మన్ను గుట్టై నిలబడింది. సమాధి ఎక్కడుందో చూపించమన్నా చూపించలేరు.

"మిగిలింది ఆ టీవీల తండానే, సార్," అంది కల్యాణి. రోజూ డ్యూటీ నుంచి వచ్చి ఆట పెడుతుందట. తల్లి రుక్కి అన్నం వేళదాకా కళ్లార్పకుండా చూస్తుందట. పడుకునే ముందు కల్యాణి సేవ్ చేసి కట్టేస్తుంది. ఆటలో మనుషులకు వయసు కూడా వస్తుంది. "తమ్ముడున్నన్ని దినాలు బాపు జుట్టు నల్లగనే ఉండె. ఈ నెలలనే తెల్లగైంది, చేతిల కర్ర వచ్చింది. నిజంగ మా బాపు ఏనాడు కర్ర పట్టలె. మా అమ్మ గది చూసి ఏడ్చింది."

పోయిన శనివారం ఆట పెడితే ఇండ్లున్నాయి, మనుషులు లేరు. తెల్ల జుట్టు తుల్సీరాం ఒక్కడే కర్ర పట్టుకుని తిరుగుతున్నాడు. ఆ రోజునుంచి రుక్కి ముద్ద ముట్టలేదు. నీళ్లు కూడా బతిమాలితేనే. ఇట్లా ఇంకెన్నాళ్లు నిలుస్తుందో నర్సుగా కల్యాణికి తెలుసు. ఎవరు చేశారో కావాలి, అంతకంటే ముందు తండా తిరిగి వస్తుందో రాదో తెలియాలి. వస్తుందంటే తల్లి బతుకుతుంది.

నిషాత్ కళ్లు తుడుచుకుంది. జగపతి కారు తాళాలు తీసుకున్నాడు.

నెల్లికుదురులో వాళ్లది రెండు గదుల రేకుల ఇల్లు. రుక్కి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతుల నిండా దంతపు గాజులు వేసుకున్న తరం మనిషి, ఇప్పుడు ఆ చేతులు బోసిగా ఒళ్లో పడి ఉన్నాయి. కల్యాణి ఆట పెట్టింది.

తండా కనిపించింది. ఎంత ముచ్చటగా కట్టాడో ఆ పిల్లగాడు! వేపచెట్టు కింద తిరగలి, సేవాలాల్ గుడి మీద తెల్ల జెండా. మనిషి అలికిడి లేదు. తుల్సీరాం ఒక గడప ముందు ఆగాడు, తలెత్తి చూశాడు, కాసేపు నిలబడ్డాడు, పక్క గడపకు పోయాడు. అక్కడా ఆగాడు. తలుపు తీసేవాళ్లు లేరు. అట్లా చివరిదాకా పోయి మళ్లీ మొదటికి వచ్చాడు. నిషాత్ రెండో చుట్టు చూడలేక తల తిప్పుకుంది. రుక్కి మాత్రం చూస్తూనే ఉంది.

జగపతికి రెండు సంగతులు కావలసి వచ్చాయి. వరసలో ఒకచోట ఇల్లు లేకుండా జాగా వదిలేసి ఉంది, అదెవరిది? చిన్నాయన లచ్చిరాందట. గనికి భూమి ఇస్తామని అందరికంటే ముందు సంతకం పెట్టినవాడు. ఆ కోపంతో హరిలాల్ ఆయనకు ఇల్లు కట్టలేదు, ఆయన్ను తండాలో పెట్టలేదు. ఇప్పుడు రెండిండ్ల అవతలే ఉంటాడు, గడప తొక్కడు. సచ్చినోళ్ల బొమ్మలు చూసుకుంట ఎన్నాళ్లు కూసుంటరని ఒకసారి వీధిలో నిలబడి అరిచాడు కూడా.

రెండోది, చివరిసారి సేవ్ అయింది ఎప్పుడు? తెర మీద ఉంది: శుక్రవారం, సాయంత్రం ఆరున్నర దాటాక. ఆ రోజు కల్యాణికి రాత్రి డ్యూటీ. రుక్కి కురవి వీరభద్రస్వామి మొక్కు ఉందని పొద్దున్నే సంచి పట్టుకుని పోయి, చీకటి పడ్డాక ఎప్పుడో వచ్చింది. మరి తాళంచెవి? అది లచ్చిరాం ఇంట్లో ఇచ్చిపోవడం అలవాటు. మాట్లాడకపోయినా తాళంచెవి మాత్రం అక్కడే పెడతారు, అన్నదమ్ముల ఇండ్లంటే అంతే మరి.

ఇంకేముంది, దొంగ దొరికాడనుకుంది నిషాత్. జగపతి ఇంటి చుట్టూ తిరుగుతుంటే వెంట పోయింది. వెనక కిటికీ కింద రెండు ఇటుకలు పేర్చి ఉన్నాయి, చుట్టూ బీడీ ముక్కలు. జగపతి ఆ ఇటుకల మీద కూర్చుని చూశాడు. కిటికీలోంచి టీవీ మొత్తం కనబడుతోంది.

లచ్చిరాం గట్టి పిండం. ఆట గురించి తనకేం తెల్వదన్నాడు, ఆ పెట్టెను ఏనాడూ ముట్టలేదన్నాడు. తాళంచెవి ఇచ్చింది నిజమే, గూట్లో పడేశానన్నాడు. బీడీ తాగుతారా అని జగపతి అడిగితే తాగుతానన్నాడు. అంతటితో ప్రశ్నలు అయిపోయాయి. నిషాత్‌కు ఒళ్లు మండింది. ఇంకాస్త గట్టిగా అడగాల్సింది కదా!

అక్తర్ దుకాణం స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉంది. దారిలో జగపతి కారు రేడియోలో పాత పాటలు పెట్టాడు. నిషాత్ తన అనుమానం అంతా పూసగుచ్చినట్టు చెబుతోంది. ఘన్‌పూర్ ఊళ్లోకి వస్తుండగా పొద్దు గూకింది, మసీదు నుంచి అజాన్ మొదలైంది. పాట ఆగింది. అజాన్ అయ్యాక మళ్లీ వచ్చింది.

"ఎందుకు ఆపినవమ్మా?" అన్నాడు జగపతి.

"నేనేం ఆపిన సార్?"

జగపతి నవ్వాడు. నిషాత్ లచ్చిరాం సంగతికి తిరిగి వచ్చింది.

రైల్వే గేటు పక్క సందులో, మసీదు గోడకు ఆనుకుని ఉంది దుకాణం. ఫోన్లు, టీవీలు, పాత గేమ్ పెట్టెలు బాగుచేస్తాడు. బక్కపలచని మనిషి, మాట మెత్తన. హరిలాల్ పేరు వినగానే చేతిలో పని పక్కన పెట్టాడు. హరిని పూడ్చిన రోజు మయ్యత్‌కు పోయాక మళ్లీ ఆ ఇంటి దిక్కు పోలేదని, ఆ పెట్టెను మళ్లీ చూడలేదని, పోవాలంటే కాళ్లు రావని చెప్పాడు. తండాకు జరిగింది చెబితే తల దించుకున్నాడు.

చీట్ కోడ్ ఎట్లా తయారుచేస్తారో చెప్పమన్నాడు జగపతి. ఆ పని గురించి అడగ్గానే మనిషి కాస్త తేరుకున్నాడు. ఆట నడుస్తున్నంతసేపు ప్రతి లెక్కా మెమరీలో ఏదో ఒక గడిలో ఉంటుంది. ఇరవై బస్తాల మక్కలున్నాయనుకోండి, ఇరవై అంకె ఉన్న గడులన్నీ వెతకాలి. వేలల్లో వస్తాయి. ఆటలో రెండు బస్తాలు అమ్మి మళ్లీ వెతికితే, ఇరవై కాస్తా పద్దెనిమిదైన గడులు కొన్నే ఉంటాయి. ఇట్లా చేస్తూ పోతే ఒక్క గడి మిగులుతుంది. అదే మక్కల లెక్క. దాన్ని మార్చి బిగిస్తే అదే కోడ్.

"మరి ఇందుల పైలంగ, జాగ్రత్తగ చూసుకోవాల్సింది ఏంది?" అన్నాడు జగపతి.

"ముందు ఆట సేవ్ అయ్యే కార్డుకు నకలు తీసి పెట్టుకోవాలె, సార్. ఒక్కపారి ఒక్క గడినే ముట్టాలె. అన్నింటికన్న పెద్దది, కొత్త కోడ్ నడుస్తున్నప్పుడు సేవ్ చెయ్యొద్దు. మెమరీ అంటే పలక మీద రాత. ఏమన్న తప్పైతే కరెంటు పీకితే సాఫ్. కార్డు మీద ఉన్నది కార్డు మీదనే పైలంగుంటది. సేవ్ నొక్కినవో, తప్పు కార్డు మీదికి ఎక్కుతది. ఇది హరికి నేర్పింది నేనే."

లేచేటప్పుడు జగపతి, హరిలాల్ తండాను బాగా కట్టాడు కదా అన్నాడు. అక్తర్ కళ్లు నిండాయి. "ఆ బాపు కర్రేసుకుని బావి దిక్కు నడుస్తుంటే పానమున్న మనిషే అనిపిస్తది, సార్."

కారులో జగపతి రేడియో పెట్టలేదు. ఆదివారం అందరినీ రుక్కి ఇంట్లో కూర్చోబెట్టాలని మాత్రం అన్నాడు. కేసు తేలిందా అని నిషాత్ అడిగింది. తేలిందన్నాడు.

ఆదివారం అందరూ వచ్చారు. రుక్కి గోడ దగ్గర అట్లే ఉంది, ఇంకా చిక్కింది. పక్కన కల్యాణి. అక్తర్ తలుపు పక్కన పీట మీద కూర్చున్నాడు. లచ్చిరాం గడప లోపలికి రానని వాకిట్లోనే నిలబడ్డాడు. టీవీలో తుల్సీరాం ఇంటింటికీ తిరుగుతున్నాడు.

జగపతి గొంతు పెంచే మనిషి కాదు. మెల్లగా మొదలుపెట్టాడు.

"పగతోని చేసినోడైతే మొదలు ఎవరిని తీసేస్తడు? తుల్సీరాంనే. అన్నదమ్ముల పంచాయితీ ఉన్నోడు అన్నను ఒక్కణ్ణే విడిచిపెట్టి ఊరోళ్లను ఎందుకు మాయం చేస్తడు? ఈ ఆటల అందరు పోయి ఆయన ఒక్కడు మిగిలిండంటే, చేసినోళ్లు ఆయనను చంపనీకి రాలె. బతికించనీకి వచ్చిన్రు."

కల్యాణి తల్లివైపు చూసింది. రుక్కి టీవీ మీదినుంచి చూపు తిప్పలేదు.

జగపతి లచ్చిరాంను ఒకే ఒక్క మాట అడిగాడు. శుక్రవారం సాయంత్రం కిటికీలోంచి ఏం చూశావు? లచ్చిరాం చేతిలోని బీడీ కట్ట జేబులో పెట్టుకున్నాడు. చివరికి ఒప్పుకున్నాడు. రోజూ చీకట్లో ఆ ఇటుకల మీద కూర్చుని తండాను చూసి పోతాడట. తన ఇల్లు అందులో లేదని తెలుసు. అయినా చూస్తాడు. శుక్రవారం పొద్దు గూకుతుండగానే వచ్చి చూస్తే టీవీ కింద పెట్టె లేదు.

"ఇంట్ల లేని పెట్టె ఆరున్నరకు ఇంట్ల ఎట్ల సేవ్ అయితది?" అన్నాడు జగపతి. "పొద్దుగాల అమ్మ సంచిల పోయింది. కురవికి కాదు. ఘన్‌పూర్‌కు."

అక్తర్ పీట మీదినుంచి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.

"పోయినేటినుంచి పెట్టెను చూడలేదన్నవు, అక్తర్. హరిలాల్ ఉన్నప్పుడు తుల్సీరాంది నల్ల జుట్టు. కర్ర వచ్చింది ఈ నెలల. అసలు తుల్సీరాం బతికి ఉండంగ కర్ర పట్టనే లేదు. ఆయన కర్రేసుకుని నడుస్తుంటే నువ్వు ఎక్కడ చూసినవు?"

అక్తర్ ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. వాడు నోరు తెరవకముందే రుక్కి మాట్లాడింది. ఎన్ని రోజులకో వచ్చిన గొంతు, బొంగురుగా ఉంది.

"పోరణ్ణి అనకుండ్రి. నేనే అడిగిన. జుట్టు తెల్లగైతాంది, కర్ర వచ్చింది, ఈ చలికాలం దాటడని ఆటల చెప్తాంది. ఒక్కపారి సచ్చింది చాలదా? గా వయసును జర ఆపు కొడుకా అని కాళ్లు మొక్కిన."

మిగిలింది అక్తర్ చెప్పాడు. తుల్సీరాం వయసు గడిని వెతికి బిగించాడు. ఆటలో కొత్త ఏడు తిరిగేదాకా చూద్దామని నడిపించాడు. ఏడు తిరిగినప్పుడు ఆట ఇంటి పెద్దలనుంచి మొదలుపెట్టి అందరి వయసులు లెక్కగడుతుంది. మొదటి పేరు తుల్సీరాం. ఆ వయసు కదలదు కాబట్టి లెక్క అక్కడే ఇరుక్కుపోయింది, వెనకున్నవాళ్లను ఆట చదవలేదు. తెర మీద ఒక్కొక్కరే మాయమవుతుంటే చూశాడు. భయపడాల్సిన పని లేదు, కరెంటు పీకేస్తే కార్డు మీద తండా పైలంగానే ఉంటుంది. తీగ కోసం వంగాడు కూడా.

"అప్పుడు సేవ్ ఎందుకు నొక్కినవు?" అంది కల్యాణి. "నువ్వేగద తమ్మునికి నేర్పింది!"

ఎన్ని రాత్రులు తనను తాను అడుక్కున్నా జవాబు దొరకలేదన్నాడు అక్తర్. చెయ్యి దానంతటదే పోయిందట.

జగపతి నిషాత్ వైపు చూశాడు. ఆ చూపుతో ఆమెకు శుక్రవారం ఆరున్నర అంటే ఏమిటో తెలిసిపోయింది. కారులో ఆగిన పాట గుర్తుకొచ్చింది. తన చెయ్యి రేడియో మీదికి పోవడం ఆమె అప్పుడు చూసుకోనే లేదు.

"అజాన్ అయింది," అంది నిషాత్ మెల్లగా. "గంతేనా భాయ్?"

అక్తర్ ఆమెవైపు చూసి తలూపాడు. ఆటల పిచ్చి పట్టిన పిల్లప్పటినుంచి అమ్మీ నేర్పింది అదే. అజాన్ వినపడితే టీవీ గొంతు మూగబోవాలి, ఆట ఎక్కడున్నా అక్కడ సేవ్ చేసి కట్టేయాలి. పాతికేళ్లుగా బొటనవేలు ఆ రెండు మీటలు నొక్కుతూనే ఉంది. నిషాత్ ఇంట్లోనూ అంతే. ఆ అలవాటులో తప్పేముంది? ఏ తప్పూ లేదు. అదే ఆమెకు మరీ కష్టంగా తోచింది. కోపం తెచ్చుకోవడానికి ఒక్క మనిషి కూడా మిగల్లేదు.

కల్యాణి ఉన్నట్టుండి తలెత్తింది. "నకలు! నకలు తీసినంకనే ముట్టాలె అని తమ్మునికి చెప్తుంటివి గద!"

అక్తర్ కూడా ఆశగా చూశాడు. హరిలాల్ బతికి ఉన్నప్పుడే తను తండా మొత్తానికి ఒక నకలు కార్డు చేసి ఇచ్చాడు. అది ఇంట్లో ఉంటుందన్న ధీమాతోనే కొత్తగా తీయలేదు. ఆ సంగతి అమ్మను అడగడానికి ఇన్నాళ్లూ ముఖం చెల్లలేదు. కార్డు దొరికితే చాలు, ముప్పై ఇండ్ల తలుపులూ తెరుచుకుంటాయి, ఈ ముసలమ్మ ముద్ద నోట్లో పెడుతుంది.

రుక్కి తన బోసి చేతుల వైపు చూసుకుంది.

"నల్లగ, గింతది, గదేనా? హరిగాని అంగి జేబుల పెట్టిన. మనోణ్ణి పంపేటప్పుడు ఇష్టమైనవి ఏసి పంపుతం గద. ఆడ ఒక్కడే ఉంటడు, తండాను చూసుకుంటడని పెట్టిన."

భూపాలపల్లి దిక్కున మన్ను గుట్ట ఎంత ఎత్తుందో అక్కడున్న తండావాళ్లందరికీ తెలుసు. లచ్చిరాం వాకిట్లో చతికిలబడి తల పట్టుకున్నాడు.

మళ్లీ కట్టలేవా అని జగపతి అక్తర్‌ను అడిగాడు. బొమ్మలు పెట్టగలను, వాళ్లను పెట్టలేను అన్నాడు అక్తర్. ఎవరు ఎట్లా నడుస్తారో, ఎవరు ఎవరి వాకిట్లో కూర్చుంటారో అన్నీ ఏళ్లకేళ్లు కూర్చుని హరిలాల్ ఒక్కడే చేశాడు. తుల్సీరాం వయసు బిగించిన కోడ్ కూడా కార్డు మీదికెక్కింది. ఇక ఆయన చావడు, ముసలివాడూ కాడు. ఎన్నాళ్లు పెడితే అన్నాళ్లు అట్లే తిరుగుతాడు.

తెర మీద తుల్సీరాం మరో గడప ముందు ఆగాడు. కాసేపు చూసి పక్కింటికి పోయాడు.

"ఇప్పు," అంది రుక్కి.

అక్తర్‌కు అర్థం కాలేదు.

"గా ముడి ఇప్పు కొడుకా. ఒక్కడే తిరుగుతాండు. ఎవ్వరు పలుకుతలేరు. పోనీ."

"యాడీ..." అంది కల్యాణి. వాళ్ల భాషలో అమ్మ అని.

అక్తర్ సంచిలోంచి తీగలు తీశాడు. కొత్త కార్డు ఒకటి తీసి, ముందు నకలు తీస్తానన్నాడు. ఇప్పుడెందుకు అని రుక్కి ఆ కార్డును వాడి చేతిలోంచి తీసి పక్కన పెట్టింది.

వయసు బిగించిన కోడ్ తీసేయడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆటలో చలికాలం వచ్చింది. తుల్సీరాం నడక మెల్లగైంది. గడపలు సగం కూడా తిరగలేకపోయాడు. తన ఇంటి వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు, ఒరిగాడు, కర్ర కింద పడింది. లచ్చిరాం ఎప్పుడు గడప దాటి లోపలికి వచ్చాడో ఎవరూ చూడలేదు. వదిన వెనక నిలబడి ఉన్నాడు.

తెర మీద చిన్న ప్రశ్న వచ్చింది. సేవ్ చెయ్యాలా, వద్దా?

చెయ్యకపోతే ఏమవుతుందని రుక్కి అడిగింది. రేపు పెడితే మళ్లీ లేచి తిరుగుతాడన్నాడు అక్తర్, చెప్పలేక చెప్పలేక. రుక్కి కూతురివైపు చెయ్యి చాపింది. అన్నేళ్లూ చూడటమే తప్ప ఆమె ఏనాడూ ఆ మీటలు ముట్టలేదు. కల్యాణి తల్లి బొటనవేలు పట్టుకుని సరైన మీట మీద పెట్టింది. నొక్కింది మాత్రం రుక్కినే.

ఇండ్లున్నాయి. వేపచెట్టుంది. జెండా ఉంది. జగపతి లేచి టీవీ కట్టేశాడు.

రుక్కి గోడ పట్టుకుని లేచి నిలబడింది. కళ్లల్లో చుక్క నీరు లేదు. ఈ పూట పొయ్యి ముట్టియ్యొద్దని కూతురికి చెప్పింది, పెరట్లో తొట్టి నిండా నీళ్లు పట్టమంది. తర్వాత గదిలో ఉన్న అందరివైపు ఒకసారి చూసింది.

"తానాలు చేసి రాండ్రి," అంది. "మనిషి పోయిండు గద. అట్లనే ఇండ్లళ్లకు పోవద్దు."

ముందు లచ్చిరాం పెరట్లోకి పోయాడు. వెనక అక్తర్. నిషాత్ జగపతి వైపు చూసింది. ఆయన అప్పటికే చెప్పులు విడిచి తొట్టి దగ్గర వరసలో నిలబడ్డాడు. ఆమె కూడా పోయి ఆయన వెనక నిలబడింది.